పని గురించి మాట్లాడించడం ఎలా? నేనడిగితే అందరూ రెండు ముక్కల్లో తేల్చేస్తున్నారు

కొత్త_రికార్డర్:
మా కాలేజీ పత్రికకి ఇంటర్వ్యూలు చేసే పని నా నెత్తిన పడింది. సైన్సు, టెక్నాలజీ, కళలు, ఏదైనా సరే, ఆ పని చేసేవాళ్లతోనే చెప్పించాలి. మొన్న పోచంపల్లిలో ఒక పెద్దాయన మగ్గం దగ్గర నలభై నిమిషాలు కూర్చున్నా. "మీకు ప్రేరణ ఎవరు?" అంటే "ప్రేరణేముంది బిడ్డా, పొట్ట" అన్నాడు. డిజైన్లు ఎలా తడతాయంటే "సావుకారి ఇస్తడు". ఇంటికొచ్చి వింటే మగ్గం చప్పుడు, మధ్యమధ్యలో నా గొంతు, అంతే. వచ్చే వారం ల్యాబ్‌లో రీసెర్చ్ చేసే ఒక మేడం టైమిచ్చారు, ఇప్పట్నుంచే టెన్షన్. ఏం అడగాలి?

ఆలేరు_అల్లుడు:
తమ్ముడూ, పెద్దాయన తప్పేం లేదు, నువ్వు అడిగినవి సన్మాన సభలో అడిగే ప్రశ్నలు. ఎక్కడ ఆగిపోయారో అడుగు.

చింతకింది మల్లేశం గారి సంగతే చూడు. నేతకి ముందు దారం పోసే ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది, అందరికీ తెలిసింది ఇంతే. కానీ కథ మొదలైంది వాళ్లమ్మ భుజం నొప్పి దగ్గర. ఒక్క చీరకి ఆసు పోయాలంటే దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ చెయ్యి సుమారు 9000 సార్లు అటూ ఇటూ ఆడించాలి, నాలుగైదు గంటల పని, రోజుకి రెండు చీరలు. మా అత్తగారు కూడా పోసేవారు, రాత్రి అన్నం కలుపుకోవడానికి చెయ్యి లేచేది కాదు. ఆయన 1992లో మొదలుపెడితే యంత్రం పూర్తయ్యేసరికి 1999. డబ్బుల్లేక మధ్యలో హైదరాబాద్ వచ్చి కరెంటు పనికి కుదిరారు. బాలానగర్‌లో వైరింగ్ చేయడానికి వెళ్లిన చోట ఇంకేదో మిషన్ తిరుగుతుంటే, తనకి అన్నేళ్లుగా అంతుచిక్కని కదలిక అందులో కనబడింది. ఇప్పుడు చీరకి గంటన్నర చాలు. "ఐడియా ఎలా వచ్చింది" అని అడిగితే ఈ బాలానగర్ ముక్క బయటికి రాదు, అందుకే చెప్తున్నా.

ఈగలమ్మ:
నేను ఆ మేడం లాంటిదాన్నే, పీహెచ్‌డీ నాలుగో ఏడు, అరటిపండు మీద ముసురుతాయే ఆ బుల్లి ఈగల మీద. చుట్టాలు "ఈగలా?" అని నవ్వేసి పెళ్లి విషయంలోకి వెళ్లిపోతారు :) దయచేసి "మీ పరిశోధన వల్ల సమాజానికి ఉపయోగం ఏంటి" అని మాత్రం మొదలుపెట్టకండి, దానికి మా అందరి దగ్గరా బట్టీ పట్టిన జవాబుంటుంది. నిన్న పొద్దున్నుంచి ఏం చేశారో అడగండి. నేనైతే ఇలా చెప్తా: ఆడ ఈగ ప్యూపా గూటిలోంచి బయటికొచ్చాక 25 డిగ్రీల్లో ఎనిమిది గంటల దాకా జత కట్టదు, ఆలోపే వేరు చేయాలి, లేకపోతే తండ్రి ఎవరో తెలియక ఆ క్రాస్ (మేం ఎంచిన జతకి పిల్లల్ని పుట్టించే ప్రయోగం) మొత్తం దండగ. అందుకని రాత్రి నిద్ర కావాలంటే సీసాల్ని 18 డిగ్రీల్లో పెట్టేస్తాం, ఆ గడువు ఇంచుమించు రెట్టింపవుతుంది. నా నాలుగేళ్ల జీవితం ఈ రెండు అంకెల చుట్టూనే తిరిగింది, ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

చింతపుల్ల_బొగ్గు:
పై ఇద్దరితో సగమే ఏకీభవిస్తా. ఎంత మంచి ప్రశ్నయినా రికార్డర్ ముందు పెట్టగానే మనిషి బిగుసుకుపోతాడు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒకాయన దగ్గర మొదటి రోజు నేనేమీ అడగలేదు, కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో బట్ట పిండుతుంటే ఓ చెయ్యి వేశా. రెండో రోజు ఆయనే మొదలెట్టాడు: పాలెందుకంటే రంగు పాకకుండా, ఈ నల్లరంగు ఏంటంటే తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టింది, కరక్కాయ పట్టిన బట్టకి తగిలాకే నల్లబడుతుంది అని. కెమిస్ట్రీ లెక్చరర్‌ని నేను, కరక్కాయలో ఉండే ఈ టానిన్ గురించి ఏళ్ల తరబడి పాఠం చెప్పి, అది కళ్లారా చూసింది అక్కడే. కాబట్టి ఒక్క గంట టైమ్ తీసుకుని వెళ్లకు, పూట ఉండేలా వెళ్లు.

కొత్త_రికార్డర్:
అందరికీ థాంక్స్. ఈగలమ్మ గారూ, మేడంతో అయ్యాక మీ వెంట పడతా. నిన్న ఆగలేక పోచంపల్లి పెద్దాయనకి ఫోన్ చేశా, చిటికి (రంగు అంటకుండా దారానికి వేసే కట్లు) కట్టేటప్పుడు లెక్క తప్పితే ఏం చేస్తారని అడిగా. ఇరవై నిమిషాలు ఆపకుండా మాట్లాడాడు, 87లోనో 88లోనో పాడైన చీర గురించి కూడా. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నేను రికార్డింగ్ నొక్కలేదు.