‘కాష్ఠం’ అన్నాడా, ‘వృక్షః’ అన్నాడా?

చిక్కడపల్లి: రెండు రోజులుగా ఒక పాదం బుర్ర తినేస్తోంది. తన కాదంబరిని పూర్తి చేయగల కొడుకెవరో తేల్చుకోవడానికి బాణుడు ఎండిన చెట్టును చూపించి వర్ణించమన్నాడని కథ. అప్పుడు పెద్దకొడుకు అన్నది ‘శుష్కం కాష్ఠం తిష్ఠత్యగ్రే’ అనా, ‘శుష్కో వృక్షస్తిష్ఠత్యగ్రే’ అనా? ఎదుట ఉన్నది ఎండిన కట్టె అనా, ఎండిన చెట్టు అనా? పిల్లల కోసం ఫిన్లాండ్ పైన్ అడవుల మీద వ్యాసం రాస్తున్నాను. అక్కడి చచ్చిన చెట్లను ఏమనాలో తేలక ఈ పాదం దగ్గర ఆగిపోయాను.

మల్కాజిగిరి: మా నాన్నగారు ‘కాష్ఠం’ అనే చెప్పేవారు. ఆ ఒత్తులు పంటికింద రాళ్లలా తగలాలి.

నల్లకుంట: ‘వృక్షస్తిష్ఠ’లో తక్కువ తగిలాయా మాస్టారూ? రెండింటిలోనూ ఎనిమిది గురువులే, పదహారు మాత్రలే. అర్థమే తేల్చాలి. కాష్ఠం కట్టె. ‘తిష్ఠతి’ అన్నాక నిలబడింది చెట్టే.

మల్కాజిగిరి: ‘తిష్ఠతి’ అంటే ‘ఉంది’ అని కూడా కదండీ. పైగా మన చెవికి కాష్ఠం అంటే కాటిలో పేర్చింది. ఆ కర్కశత్వం వదులుకోలేను.

చిక్కడపల్లి: నిలబడ్డదా, పడ్డదా అన్నదే నాకూ కావాలి. అక్కడ రెండూ వేరుగా లెక్కిస్తారు. పడినదాన్ని కత్తితో పొడిచి చూస్తారు: కొత్తదైతే మొన కాస్త దిగుతుంది, బాగా చివికితే పిడి దాకా దిగిపోతుంది. నిలబడి ఎండిన పైన్‌ను ‘కెలో’ అంటారు. బెరడంతా రాలి వెండిరంగు తేలి, దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు అలాగే నిలుస్తుంది. దాన్ని కట్టె అనడానికి మనసొప్పడం లేదు.

తార్నాక: మోడు అనండి. పడితే దుంగ, నరికాక నేలలో మిగిలింది మొద్దు.

నల్లకుంట: మోడు చిగురిస్తుందన్న ఆశ మన మాటలోనే ఉంది. కెలో చిగురించదుగా?

తార్నాక: అది చిగురించకపోయినా, కూలి చివికిన దుంగ మీద స్ప్రూస్ మొలకలు వేళ్లూనుకుంటాయి. ఫిన్లాండ్‌లో నాలుగైదు వేల జీవజాతులకు చచ్చిన చెట్లే ఆధారం.

వారాసిగూడ: అందరూ పెద్దవాడి దగ్గరే ఆగారు. చిన్నవాడి జవాబు ‘నీరసతరురిహ విలసతి పురతః’ (ఎండిన చెట్టు ఎదుట వెలుగుతోంది)లో ‘విలసతి’ లాలిత్యం కోసం వేసిందంటే ఒప్పుకోను. వెండిరంగు మోడు ఎండలో నిజంగానే వెలుగుతుంది. వాళ్ల నాన్న కాదంబరిలో చిలుక పుట్టిందెక్కడ? పంపా తీరాన ముసలి బూరుగు ‘జీర్ణకోటరం’లో! ఆ తొర్రను అంత ప్రేమగా చూసినవాడి కొడుకుకు ఎండిన చెట్టు వెలగకుండా ఎలా ఉంటుంది?

మల్కాజిగిరి: బూరుగు ముసలిదే గానీ ఎండింది కాదమ్మా.

చిక్కడపల్లి: అక్కడి అడవీ అంతే మాస్టారూ. కార్చిచ్చో గాలివానో వచ్చాక నేలంతా చచ్చిన చెట్లే. అవి చివికిపోయాక నడివయసు అడవిలో లావు దుంగలు తగ్గిపోతాయి. పెద్ద చెట్లు ముసలివై ఒక్కొక్కటే చస్తుంటే ఆ దుంగలు మళ్లీ ఎక్కువవుతాయి. మధ్యలోనే నరికేస్తే ఆ దశ రానే రాదు.

వారాసిగూడ: మా వీధిలో ఎండిన తురాయి ఉండేది. తొర్రలో రామచిలుకలు. ‘ఎండిపోయిందిగా అమ్మా’ అంటూ పోయిన వేసవిలో కోసేశారు. కిందపడ్డ ముక్కలో, ఇంకా ఈకలు రాని పిల్ల నోరు తెరుచుకుని ఉంది. ఆ రోజు నుంచి ‘శుష్కం’ అన్న మాట వింటే చాలు, అదే గుర్తొస్తుంది.

చిక్కడపల్లి: పాదం తేలేలా లేదు. వ్యాసంలో ‘నిలుచున్న మోడు’ అని రాస్తున్నాను.

నల్లకుంట: ‘నిలుచున్న’ ఎందుకండీ? పడితే అది మోడే కాదు, దుంగ.