కోరింగ తీరంలో జనవరి పక్షుల గణన: ఒకే గుంపు రెండుసార్లు లెక్కకు రాకుండా ఎలా?

ప్రశ్న: ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి జనవరిలో జరుగుతోంది కదా. ఈసారి కోరింగ మడ అడవుల పక్కనున్న బురదనేలలు, దాళ్వా (రెండో పంట వరి) పొలాలు రెండూ మా బృందానికే వచ్చాయి. బురదలో మేసిన ఉల్లంకులే (నీటి ఒడ్డున తిరిగే పక్షులు) తర్వాత పొలాల్లో వాలితే ఏం చేయాలి?

మొదటి సమాధానం: ముందుగా ఆటుపోట్ల వేళలు చూసుకోండి. నీరు తీసినప్పుడు పక్షులు బురదంతా చెదిరిపోయి మేస్తాయి. పోటు వచ్చి బురద మునిగేకొద్దీ అవి ఎత్తైన ఇసుక తిన్నెల మీదికో, చెరువు గట్ల మీదికో, తడి పొలాల్లోకో చేరి గుంపుగా నిలబడతాయి కనుక, ఇద్దరేసి చొప్పున విడిపోయి, ఆ సమయంలోనే రెండు చోట్లా ఏకకాలంలో లెక్కించడం మేలు. గుంపు ఎగిరితే వేళను, వెళ్లిన దిక్కును రాసుకొని ఫోనులో అవతలివారికి తెలియజేయాలి.

రెండో సమాధానం: పెద్ద గుంపులో పది పక్షులను లెక్కించి, అంత మేరను కొలతగా పెట్టుకొని మిగతాది అంచనా వేయండి. జాతి తేలకపోతే ‘గుర్తించని ఉల్లంకి’ అని రాయడమే నిజాయితీ. పొలాల్లో దమ్ము చేసే ట్రాక్టరు వెనుక కొంగలు మడి నుంచి మడికి మారుతూనే ఉంటాయి. వాటిని ఒక్కసారే లెక్కించండి.

మూడో సమాధానం: గట్టు దిగేముందు రైతు అనుమతి తీసుకోండి, నాట్లు తొక్కకండి.