కర్వా చౌత్ యాడ్ గొడవప్పుడు మీ ఇంట్లో ఏమన్నారు?

మియాపూర్_కుర్రాడు:
2021 అక్టోబర్‌లో డాబర్ వాళ్ల ఫెమ్ బ్లీచ్ యాడ్ గుర్తుందా? కర్వా చౌత్ అంటే ఉత్తరాదిలో భర్త కోసం భార్య ఉపవాసం ఉండి, జల్లెడలోంచి చంద్రుణ్ణీ భర్తనూ చూసే పండగ కదా, ఈ యాడ్‌లో ఇద్దరమ్మాయిలు ఒకరి కోసం ఒకరు ఉపవాసం ఉండి జల్లెడలోంచి చూసుకుంటారు. మధ్యప్రదేశ్ హోం మంత్రి నరోత్తమ్ మిశ్రా చర్యలు తీసుకుంటామనేసరికి కంపెనీ క్షమాపణ చెప్పి తీసేసింది. టీవీలో ఆ వార్త రాగానే నాన్న "ఇదేం పోయేకాలం" అంటూ ఛానల్ మార్చేశారు. నేను పక్కనే అన్నం కలుపుకుంటున్నా. నా సంగతి ఇంట్లో తెలీదు.

అట్లతద్ది_అక్క, కూకట్‌పల్లి:
మా అత్తగారి కోపం వేరు. "మనకు అట్లతద్ది ఉండగా ఈ జల్లెడ పండగ మనకెందుకే?" అన్నారు. అమ్మాయిల సంగతి పట్టించుకోనే లేదు! రచ్చంతా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనే. యాడ్ లింకు పెట్టండి చూస్తానంటే ఒక్కరి దగ్గరా లేదు.

యాడ్_కూలీ:
నేనిక్కడ ఏజెన్సీలో రాస్తుంటాను. చట్టం అడ్డేం కాదు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377 మీద సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6నే అది నేరం కాదని తేల్చేసింది. భయమంతా షోరూమ్ అద్దాలు ఎవరైనా పగలగొడతారేమోనని. 2020లో తనిష్క్ వాళ్లు ముస్లిం ఇంట్లో హిందూ కోడలి సీమంతం యాడ్ తీసేస్తూ, షాపుల్లో పనిచేసేవాళ్ల క్షేమం కోసమే అన్నారు. అప్పట్నుంచి క్లయింట్లందరూ బిగుసుకుపోయారు. మేం ఇద్దరబ్బాయిలు ఉంగరాలు కొనుక్కునే సీన్ రాస్తే, "చాలా బాగుంది, ఒకణ్ణి అన్నయ్యని చేసేయండి" అన్నారు. చేసేశాం.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి:
నాకు ఆ ఫెమ్ యాడే నచ్చలేదు. ప్రైడ్ పేరు చెప్పి మళ్లీ మొహం తెల్లబరిచే క్రీమేగా అమ్మింది! 2015లో అనూక్ బట్టల యాడ్ ఎంతో నయం. అమ్మానాన్నలు వచ్చే రోజు ఇద్దరమ్మాయిలు తయారవుతూ కబుర్లాడుకుంటారు, అంతే. నెట్‌లో వచ్చింది. అది ఫోన్‌లో చూపించే మా అక్కకి మా ఇద్దరి సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుని, "అమ్మకి ఇప్పుడే చెప్పకు, బీపీ టాబ్లెట్లు మార్చారు" అంది.

సికింద్రాబాద్_శాస్త్రి:
ఎవరి జీవితం వారిది, నాకేం అభ్యంతరం లేదు. వ్రతాన్ని వ్యాపారానికి వాడుకోవడమే తప్పు.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి:
అదే వ్రతం పేరుతో మొగుడూపెళ్లాలను చూపించి నగలూ చీరలూ అమ్ముతున్నారు కదండీ, దానికెప్పుడైనా ఇలా పోస్టు పెట్టారా?

సికింద్రాబాద్_శాస్త్రి:
లేదు. అదీ నచ్చదు, కానీ పెట్టలేదు.

మియాపూర్_కుర్రాడు:
ఆ యాడ్ పోయిన రెండు నెలలకే, డిసెంబర్‌లో, మన ఊరి శివార్లలోనే సుప్రియో, అభయ్ అనే ఇద్దరబ్బాయిల జంట ఉంగరాలు మార్చుకున్నారు. ఫొటోలు పేపర్లలో వచ్చాయి. పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకెళ్లింది కూడా వాళ్లే, 2023 అక్టోబర్ 17న కాదన్నారు. యాడ్‌కి లేచినంత గోల వాళ్ల మీద లేవలేదు, ఎందుకో.

అట్లతద్ది_అక్క, కూకట్‌పల్లి:
వాళ్ల దగ్గర బాయ్‌కాట్ చేయడానికి సరుకేం లేదుగా. అది సరే, కూలీగారూ, మీ అన్నదమ్ముల యాడ్ ఏమైంది?

యాడ్_కూలీ:
పండగ ఆఫర్ అయ్యేదాకా నడిచింది. యూట్యూబ్‌లో కింద ఎవరో "వీళ్లు అన్నదమ్ముల్లా లేరే" అని కామెంట్ పెట్టారు. క్లయింట్ కంగారుపడి కామెంట్లు ఆపించాడు.