‘ఒళ్ళు మండింది’, ‘గుండె గుభేలుమంది’: ఉద్వేగాలన్నీ ఒంట్లోనేనా?

సైకాలజీ విద్యార్థిని:
అందరికీ నమస్కారం. బీఎస్సీలో సైకాలజీ తీసుకున్నాను. మనుషుల స్వభావాల గురించి చెబుతారనుకుంటే ఈ సెమిస్టర్‌లో ఫిజియలాజికల్ సైకాలజీ వచ్చిపడింది. న్యూరాన్లు, హార్మోన్లతో చుక్కలు కనిపిస్తున్నాయి. సెమినార్‌లో నా వంతుకి ఉద్వేగాలు వచ్చాయి. 1884లో అమెరికన్ సైకాలజిస్ట్ విలియం జేమ్స్ ఓ తిరకాసు వాదన చేశాడు: భయపడ్డాం కాబట్టి గుండె కొట్టుకోవడం కాదు, గుండె అలా కొట్టుకోవడం మనకు తెలియడమే భయం. చదవగానే ‘గుండె గుభేలుమంది’ గుర్తొచ్చింది. అందులో భయమన్న మాటే లేదు! ఇలాంటివి ఇంకా ఏమున్నాయి?

రిటైర్డ్ తెలుగు లెక్చరర్:
బోలెడున్నాయమ్మా. నోరెండిపోయింది, ముచ్చెమటలు పట్టాయి, కాళ్ళూ చేతులూ ఆడలేదు. ‘కడుపుమంట’ జోలికి మాత్రం పోకు. అసూయకి వాడే మాటని పట్టుకుని ఎసిడిటీ దాకా వెళ్తే నవ్వుతారు.

విద్యార్థిని:
సరే సార్. మరి కోపానికి ఒళ్ళు మండుతుందంటాం, భయానికి కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయంటాం కదా? 1983లో సైకాలజిస్టులు ఎక్‌మన్, లెవెన్‌సన్, ఫ్రీసెన్‌లు చేసిన ప్రయోగంలో చేతివేలి ఉష్ణోగ్రత భయంలో కన్నా కోపంలో ఎక్కువ పెరిగింది. భయపడితే చర్మంలోని సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి, అందుకే ఆ చల్లదనం.

ఫిజియాలజీ టీచర్:
అప్పుడే సంబరపడకు. 1927లో అమెరికన్ ఫిజియాలజిస్ట్ వాల్టర్ కానన్ జేమ్స్ వాదన మీద రాసిన విమర్శ కూడా చదువు. భయమైనా కోపమైనా లోపలి అవయవాల్లో దాదాపు ఒకే మార్పులు వస్తాయన్నాడు. పైగా అవి నిదానంగా కదులుతాయి, ఉద్వేగం చటుక్కున పుడుతుంది. తెలుగులోనే చూడు, గగుర్పాటు, పులకింత. సింపథెటిక్ నరాలు (ఆపదలో మన ప్రమేయం లేకుండానే ఒంటిని సిద్ధం చేసేవి) వెంట్రుకల మొదళ్ళలోని బుల్లి కండరాల్ని బిగిస్తే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. రాత్రిపూట శ్మశానం పక్కనుంచి వెళ్ళినా అంతే, మంచి నాదస్వరం విన్నా అంతే. ఆ కండరాన్ని చూసి ఏది ఏదో చెప్పలేం.

లెక్చరర్:
చిన్న సవరణ. ‘గగుర్పొడుచు’ అంటే రోమాంచం కలగడం. భయమే అక్కర్లేదు, సంతోషానికీ చెల్లుతుంది. ఇప్పటి వాడుకలో ఎక్కువగా భయానికే అంటున్నాం.

విద్యార్థిని:
అయితే ‘ఒళ్ళు గగుర్పొడిచింది’ అంటే పక్క వాక్యం చూస్తే గానీ భయమో ఆనందమో తేలదన్నమాట! దాన్ని కానన్ వైపు, ‘ఒళ్ళు మండింది’ని జేమ్స్ వైపు పెడతాను. దిగులుకి మీ ఊళ్ళలో ఒంట్లో ఏ చోటు చెబుతారు? నాకు ‘గుండె బరువెక్కింది’ ఒక్కటే తడుతోంది.