‘షేర్డ్ లైబ్రరీ’ని ‘పంచుకున్న లైబ్రరీ’ అనవచ్చునా?

సభ్యులకు నమస్కారం. నేను నెల్లూరు జిల్లాలో ఒక ఇంజనీరింగు కళాశాల కంప్యూటరు ల్యాబులో పనిచేస్తున్నాను. వేసవి సెలవుల్లో మా యంత్రాలలోని జీసీసీ కంపైలరును (మనం రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగల రూపంలోకి మార్చేది) 7వ వెర్షను నుంచి 11కు మార్చాము. సెలవుల తరువాత, సోమశిల నుంచి పెన్నాకు వదిలే నీటిని లెక్కగట్టే, ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగు భాషలో రాసిన పాత ప్రోగ్రామును నడపబోయిన విద్యార్థులకు ఇంగ్లీషులో ఒక వాక్యం ఎదురైంది. లిబ్‌జీఫోర్ట్రాన్.ఎస్ఓ.4 అనే షేర్డ్ ఆబ్జెక్టు (షేర్డ్ లైబ్రరీకే మరో పేరు) ఫైలును తెరవలేకపోయాననీ, అటువంటి ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదనీ దాని సారం. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లల కోసం ఆ వాక్యాన్ని తెలుగులో రాసి గోడకు అంటించబోయి, రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ఒకటి ‘షేర్డ్’, రెండవది ‘లేదు’.

లైబ్రరీని లైబ్రరీగానే ఉంచాను. గ్రంథాలయం అంటే మన వైపు వారికి 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం కళ్లకు కడుతుంది తప్ప ప్రోగ్రాముల భాగాలను దాచిన ఫైలు తోచదు.

‘షేర్డ్’కు అందరూ ‘పంచుకున్న’ అని రాస్తున్నారు. నాకు ఇది తప్పనిపిస్తున్నది. తెలుగులో అన్నదమ్ములు పొలం పంచుకున్నారంటే ఎవరి చెక్క వారికి వచ్చిందని, ఇక ఆ పొలంలో ఉమ్మడి ఏమీ మిగలలేదని అర్థం. ఈ లైబ్రరీ సంగతి అందుకు సరిగ్గా ఎదురు. డిస్కు మీద ఒకే ప్రతి ఉంటుంది, అనేక ప్రోగ్రాములు నడిచేటప్పుడు దానినే వాడుకుంటాయి, ఏ ఒక్కటీ తన వాటాను విడగొట్టుకొని పోదు. నిజానికి ఎవరి ప్రతిని వారు తమలో కలుపుకొనే స్టాటిక్ లైబ్రరీకే ‘పంచుకున్న’ అనే మాట కొంత దగ్గరగా ఉంటుంది. నలుగురు రైతులు కలిసి వేయించిన బోరును మా ఊళ్లో ‘ఉమ్మడి బోరు’ అంటారు. దాని మోటారును మారిస్తే నలుగురి పొలాలకూ ఆ మార్పు తగులుతుంది. కంపైలరును మార్చిన రోజు మా ల్యాబులో జరిగింది అచ్చంగా ఇదే కనుక ‘ఉమ్మడి లైబ్రరీ’ అని రాయాలనుకుంటున్నాను. పెద్దలు అభిప్రాయం చెప్పగలరు.

ఒంగోలు సభ్యురాలి స్పందన: ‘పంచుకున్న’ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ ‘ఉమ్మడి’కి కూడా ఇప్పుడు ఒక చిక్కు వచ్చింది. 2022లో జిల్లాలు మారి కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వెళ్లిన నాటి నుంచి పత్రికలలో ‘ఉమ్మడి ప్రకాశం జిల్లా’ అంటే విడిపోక ముందటి పాత జిల్లా అని అర్థం. పిల్లలు ‘ఉమ్మడి లైబ్రరీ’ని పాత లైబ్రరీ అనుకోరా? ‘పొత్తు’ అనే మంచి తెలుగు మాట ఉన్నది కదా?

నా జవాబు: అమ్మా, మీరు చూపిన చిక్కు నిజమైనదే. అయితే ఆ అర్థం జిల్లా, రాష్ట్రం వంటి మాటల పక్కన మాత్రమే వస్తున్నది. ఉమ్మడి గోడ, ఉమ్మడి బావి, ఉమ్మడి కుటుంబం అన్నప్పుడు ఎవరూ ‘పాత’ అని తీసుకోరు. పొత్తు నాకూ ఇష్టమైన మాటే కానీ, ఈ రోజుల్లో అది వినగానే ఎన్నికల పొత్తులే మనసులోకి వస్తాయి.

ఇక ‘లేదు’ గురించి. నన్ను ఎక్కువగా బాధించినది ఇదే. ‘నాన్నగారు ఇంట్లో లేరు’ అంటే బయటికి వెళ్లారని అర్థం, ‘నాన్నగారు లేరు’ అంటే అర్థమే వేరు. చోటు చెప్పని ‘లేదు’ తెలుగులో అంత బరువైనది. ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా తెలుగు చేస్తే, ఫైలు అసలు యంత్రంలోనే లేదని పిల్లవాడు నమ్మి కంపైలరును మళ్లీ మొదటి నుంచి ఎక్కించడానికి కూర్చుంటాడు. మా ఫోర్ట్రాన్ ప్రోగ్రాము విషయంలో అది నిజంగానే లేదు, ఎందుకంటే జీసీసీ 8 నుంచి ఆ లైబ్రరీ చివరి అంకె 4 నుంచి 5 అయింది, పాతది కంపైలరుతో పాటే తొలగిపోయింది. పాత లైబ్రరీ ప్యాకేజీని ఎక్కించడమో, ప్రోగ్రామును కొత్తగా కంపైల్ చేయడమో తప్ప దారి లేదు. (కొత్త ఫైలుకు పాత పేరుతో లంకె వేస్తే చాలని కొందరు చెబుతారు. అంకె మారిందంటేనే లైబ్రరీకీ ప్రోగ్రాములకూ మధ్య ఉన్న ఒప్పందం మారిందని అర్థం కనుక దయచేసి ఆ పని చేయకండి.) కానీ కంపైలరును దాని సోర్సు (మూల ప్రోగ్రాము) నుంచి మేమే కట్టుకున్న మరో యంత్రంలో ఇదే వాక్యం వచ్చినప్పుడు ఫైలు యూఎస్ఆర్ లోకల్ లిబ్64 డైరెక్టరీలో నిక్షేపంలా ఉన్నది. ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు దానికి కావలసిన లైబ్రరీలను వెతికి అందించే లోడరు చూసే జాబితాలో ఆ చోటు లేకపోవడమే లోపం. ఎల్‌డీడీ ఆదేశంతో ఏది దొరకలేదో చూసి, ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డీ డైరెక్టరీలో ఆ చోటును రాసిన ఒక ఫైలు పెట్టి, ఆ జాబితాను తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్ ఆదేశం నడిపితే సరిపోయింది. కనుక రెండు సందర్భాలలోనూ నిజమయ్యే మాట ‘లేదు’ కాదు, ‘వెతికిన చోట్ల దొరకలేదు’.

ఒంగోలు సభ్యురాలు: మరి సీ++ భాష లైబ్రరీ ఫైలు దొరికి కూడా, అందులో జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్_3.4.29 వెర్షను లేదంటూ ఆగిపోయే సందర్భాన్ని ఏమంటారు?

నా జవాబు: మంచి ప్రశ్న అడిగారు. ఆ లైబ్రరీకి లిబ్‌ఎస్‌టీడీసీ++.ఎస్ఓ.6 అనే పేరు 2004 నాటి జీసీసీ 3.4 నుంచి మారలేదు కానీ లోపలి వెర్షన్లు పెరుగుతూ వచ్చాయి, మీరు చెప్పినది జీసీసీ 11తో చేరింది. కొత్త కంపైలరుతో కట్టిన ప్రోగ్రాముకు లోడరు అదే పేరు గల పాత ఫైలును అందిస్తే ఈ వాక్యం వస్తుంది. ఇక్కడ చోటు తెలిసినదే కనుక ‘లేదు’ అనే మాట చక్కగా అతుకుతుంది. గోడకు అంటించబోయే వాక్యాలను ఇలా దిద్దాను:

‘లిబ్‌జీఫోర్ట్రాన్.ఎస్ఓ.4 అనే ఉమ్మడి లైబ్రరీ, వెతికిన చోట్ల దొరకలేదు.’

‘లిబ్‌ఎస్‌టీడీసీ++.ఎస్ఓ.6 దొరికింది. అందులో జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్_3.4.29 వెర్షను లేదు.’