పెళ్లిళ్ల పనికి డీ750 నుంచి మిర్రర్‌లెస్‌కు మారినవాళ్లు చెప్పండి

అన్నలూ, హనుమకొండలో పెళ్లిళ్లు తీస్తాను. నా నికాన్ డీ750 (లోపల అద్దం ఉండే పాత తరహా డీఎస్ఎల్ఆర్ కెమెరా)తో పగలు ఇబ్బంది లేదు. సద్దుల బతుకమ్మ రాత్రి వేయిస్తంభాల గుడి దగ్గర మాత్రం, తిరుగుతూ ఆడుతున్న ఆడపడుచుల ముఖాల మీద ఫోకస్ నిలవలేదు. ఎన్నో మంచి ఫొటోలు పోయాయి, ఇప్పటికీ బాధగానే ఉంది. అందుకే కంటిని పట్టుకునే ఫోకస్ కోసం నికాన్ వాళ్ల మిర్రర్‌లెస్ (అద్దం లేని) కెమెరా జెడ్6 త్రీ చూస్తున్నాను.

టెన్షన్ అంతా లెన్సుల గురించే. పాత లెన్సులను కొత్త కెమెరాకు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటార్ ఉండదు కాబట్టి, సొంత మోటార్ లేని నా పాత 85 ఎంఎం ఏఎఫ్-డీ లెన్సుకి ఆటోఫోకస్ రాదు, అది తెలుసు. లోపలే మోటార్ ఉన్న 70-200 ఏఎఫ్-ఎస్ లెన్సు పని చేస్తుంది. కానీ రిసెప్షన్‌లో దాని ఫోకస్ వేగం తగ్గుతుందా? ఫంక్షన్ హాల్ ఎల్‌ఈడీ లైట్ల కింద సైలెంట్ షట్టర్‌తో తీస్తే ఫొటోల్లో గీతలు పడుతున్నాయా? జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా ఎన్ని బ్యాటరీలు పట్టాయి? మాఘమాసం ముహూర్తాలకు ముందే కొనాలి.