హుకప్ లేని చోట ట్యాంక్ హీటర్లు రాత్రంతా వేసి ఉంచాలా?

చందు, ఫీనిక్స్

క్రిస్మస్ సెలవులకి ట్రెయిలర్ (కారు వెనక లాగే, లోపల ఉండే వీలున్న ఆర్వీ బండి) తీసుకుని గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ వెళ్తున్నాం. హుకప్ (బండికి పెట్టుకునే కరెంటు, నీళ్ల కనెక్షన్) ఉండే ట్రెయిలర్ విలేజ్‌లో చోటు దొరకలేదు. మేథర్ క్యాంప్‌గ్రౌండ్ దొరికింది, అక్కడ కరెంటు ఉండదు. ఎత్తు దాదాపు 7,000 అడుగులు, రాత్రి చలి ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. మా బండిలో ఫ్రెష్ (మంచి నీళ్లు), గ్రే (సింక్, షవర్ నీళ్లు), బ్లాక్ (టాయిలెట్) మూడు ట్యాంకుల కిందా 12 వోల్టుల హీటింగ్ ప్యాడ్‌లు ఉన్నాయి. బ్యాటరీలు 100 ఆంప్ అవర్ల లెడ్ యాసిడ్‌వి రెండు. మా బావగారు "థర్మోస్టాట్ ఉందిగా, స్విచ్ వేసి పడుకో" అంటున్నారు. బండి అమ్మినతను మాత్రం బ్యాటరీ మీద వేయొద్దన్నాడు. ఎవరి మాట వినాలి?

డెన్వర్ బాబాయ్

బావగారి మాటే వినండి. మామూలు ప్యాడ్ 44 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి ఆన్ అయి, 64కి ఆఫ్ అయిపోతుంది. అవసరమైనప్పుడే కరెంటు తీసుకుంటుంది. నేను చలికాలమంతా కొలరాడోలో తిరుగుతుంటా, ఇంతవరకూ ట్యాంకు గడ్డకట్టింది లేదు. ఉన్న వస్తువుని వాడుకోకుండా భయపడటం ఎందుకు?

రాధిక, ప్లేనో

బాబాయ్ గారూ, మీరు బస చేసేది హుకప్ ఉన్న చోట. 30 ఆంప్ పెడెస్టల్‌కి (హుకప్ దగ్గరి కరెంటు స్తంభానికి) ప్లగ్ పెట్టాక మూడు ప్యాడ్‌లు కలిపి తినే 350 వాట్లు ఒక లెక్కా? గదిలో పెట్టుకునే చిన్న స్పేస్ హీటరే 1,500 వాట్లు లాగుతుంది. చందు గారి సంగతి వేరు.

పెద్ద ప్యాడ్ ఒక్కోటి 11 ఆంప్‌లు, చిన్నది ఓ 6 వేసుకుందాం. మూడూ కలిపి 28. రెండు లెడ్ యాసిడ్ బ్యాటరీల్లో సగమే వాడుకోవాలి, అంటే 100 ఆంప్ అవర్లు. చలికి అందులోనూ కొంత పోయి 80 మిగిలిందనుకోండి. మూడు గంటలు కూడా రాదు. రాత్రి తొమ్మిదికి వేస్తే పన్నెండు కాకుండానే అయిపోతుంది.

డెన్వర్ బాబాయ్

అమ్మా, ఆ లెక్క ప్యాడ్ ఆగకుండా నడిస్తేనే. థర్మోస్టాట్ మధ్యలో ఆపుతుంది కదా.

ఆంప్_లెక్క

ఆపదు బాబాయ్. ఒకసారి లెక్క వేసి చూడండి.

40 గ్యాలన్ల నీళ్లంటే 333 పౌండ్లు. వాటిని 44 నుంచి 64కి తీసుకెళ్లాలంటే దాదాపు 6,700 బీటీయూలు (ఒక్కోటి పౌండు నీళ్లని ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ పెంచేంత వేడి) కావాలి. 135 వాట్ల ప్యాడ్ గంటకి ఇచ్చేది 460. బయటికి ఒక్క బీటీయూ కూడా పోలేదనుకున్నా 14 గంటలు పైనే పడుతుంది. బయట చలికి వేడి పోతూనే ఉంటుంది కాబట్టి, నిండు ట్యాంకు కింద ప్యాడ్ ఒకసారి ఆన్ అయిందంటే తెల్లారేదాకా ఆగదు. ఈ ప్యాడ్‌లు నీళ్లు కాచేవి కావు, వేడి పోకుండా కాసేపు నిలబెట్టేవి మాత్రమే.

అసలు నిండు ట్యాంకు గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. నీళ్లు 44 నుంచి 32కి దిగడానికి పోవాల్సిన వేడి 4,000 బీటీయూలే కానీ, 32 దగ్గర మొత్తం గడ్డకట్టాలంటే ఇంకో 48,000 పోవాలి. ఒక్క రాత్రిలో అది జరగాలంటే మామూలు చలి చాలదు. ముందు గడ్డకట్టేవి సన్నటి పైపులు, డంప్ వాల్వ్ (మురికి నీళ్లు వదిలేది), బయట వేలాడే గొట్టాలు. ట్యాంకు కింద అతికించిన ప్యాడ్ వాటికేం చేస్తుంది? ఎల్బో (పైపు వంపు) దగ్గర చుట్టే చిన్న ప్యాడ్ వేరుగా ఉంటే దాన్ని వేసుకోండి, ఒకటి రెండు ఆంప్‌లతో పోతుంది.

సుబ్బు, ఆస్టిన్

నేను చూసినంతలో అసలు ప్రమాదం ఫర్నేస్‌కి. ప్రొపేన్ ఫర్నేస్‌లో మండేది గ్యాసే అయినా ఫ్యాన్ నడవాలంటే 7, 8 ఆంప్‌లు కావాలి. రాత్రి 12 గంటల్లో సగం సేపు నడిచినా 45 ఆంప్ అవర్లు. రాధిక గారు చెప్పిన 80లో ఇది సరిపోతుంది, పైన కాస్త మిగులుతుంది కూడా. ప్యాడ్‌లు వేసి బ్యాటరీని పిండేస్తే వోల్టేజి పడిపోయి ఫ్యాన్ నెమ్మదిస్తుంది. గాలి సరిగ్గా రావట్లేదని సెయిల్ స్విచ్ (ఫ్యాన్ గాలి వస్తేనే కలిసే స్విచ్) కలవదు, మంట అంటుకోదు. తెల్లవారుజామున నాలుగింటికి పిల్లలు దుప్పట్లో ముడుచుకుని ఉంటే, లోపల ఫ్యాన్ మాత్రం నీరసంగా మూలుగుతూ ఉంటుంది. ట్యాంకు కాపాడబోయి మనుషుల్ని చలిలో పడేసినట్టే.

నవీన్, శాక్రమెంటో

సుబ్బు అన్నా, ఫర్నేస్ వేడి అండర్‌బెల్లీలోకి (బండి అడుగు భాగంలోకి) వెళ్లి ట్యాంకులకీ తగిలే బండి అయితే మీరన్నది నిజం. చాలా బండ్లకి ఆ డక్ట్ ఉండదు. ట్యాంకులు కింద బయటికే వేలాడుతుంటాయి. బ్రోషర్‌లో "ఫోర్ సీజన్" అని రాసినంత మాత్రాన ఏమీ కాదు, బండి కిందకి పడుకుని చూడాలి. అలాంటి బండిలో అడుగున రెండు అంగుళాల నీళ్లున్న బ్లాక్ ట్యాంకుకి గాలి కొడితే సులువుగా గడ్డకడుతుంది. అప్పుడు ఒక్క బ్లాక్ ప్యాడ్ వేయడంలో తప్పేముంది? మూడూ వేయాలా, ఏదీ వేయొద్దా అన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ.

ఆంప్_లెక్క

ఒక్కటి అన్నా 11 ఆంప్‌లు, రాత్రికి 130 ఆంప్ అవర్లు. చందు గారి బ్యాటరీకి అదే ఎక్కువ. పైగా ఖాళీ ట్యాంకు కింద ప్యాడ్ వేయొద్దని తయారీదారులే చెబుతారు. వేడి లాక్కోవడానికి లోపల ద్రవం ఉండాలి. గ్రే, బ్లాక్‌లలో గులాబీ రంగు ఆర్వీ యాంటీఫ్రీజ్ కొంచెం పోస్తే ఆంప్‌ల గొడవే ఉండదు.

చందు, ఫీనిక్స్

అందరికీ థాంక్స్. దారిలో కారు నుంచి ఛార్జ్ అవుతుంది కదా, నడిపేటప్పుడు అయినా వేసుకోవచ్చా?

సుబ్బు, ఆస్టిన్

కారుని, ట్రెయిలర్‌ని కలిపే 7 పిన్ కనెక్టర్‌లో వచ్చే ఛార్జ్ వైరు సన్నం. మూడు ప్యాడ్‌లు తినేంత అందులో రాదు, మిగతాది మీ బ్యాటరీ నుంచే పోతుంది. చేరేసరికి సగం ఖాళీ.

రాధిక, ప్లేనో

ఇంకో సంగతి. స్విచ్ మీద వెలిగే లైటుని నమ్మకండి. కరెంటు స్విచ్ దాకా వచ్చిందనే దానర్థం, ప్యాడ్ వేడెక్కుతోందని కాదు. ఇంటి దగ్గరే ప్యాడ్ థర్మోస్టాట్‌కి ఐస్ సంచి ఆనించి, డీసీ క్లాంప్ మీటర్‌తో (వైరులో కరెంటు కొలిచేది) ఆ వైరు చూడండి. మీటర్ సున్నా చూపిస్తే ప్యాడ్ పనిచేయట్లేదన్నమాట, ఈ గొడవంతా మీకు అక్కర్లేదు. తాగడానికి, వంటకి నీళ్లు డబ్బాల్లో లోపలే పెట్టుకోండి.

డెన్వర్ బాబాయ్

లెక్కలు బాగానే ఉన్నాయి. కానీ 300 ఆంప్ అవర్ల లిథియం ఉన్నవాడు ఇదే అడిగితే "వేసుకో" అంటారా లేదా? ప్యాడ్ తప్పు కాదు, బ్యాటరీ చిన్నదని చెప్పండి.

ఆంప్_లెక్క

అయినా మూడూ వేయమనను. బ్లాక్ ఒక్కటి, అదీ అడుగున నీళ్లుంటే. ఆ లిథియం బ్యాటరీని 32 కంటే తక్కువలో ఛార్జ్ చేయకూడదు బాబాయ్, పొద్దున్నే జనరేటర్ వేయబోయే ముందు దాన్ని వెచ్చబెట్టడానికి ఇంకో హీటర్ కావాలి.